ఇన్వర్టర్ బ్యాటరీలో గ్రావిటీ పడిపోయిందంటే యాసిడ్ పోయించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే లెక్క) ట్యూబులర్ బ్యాటరీ, అంటే పాజిటివ్ ప్లేట్లు గొట్టాల్లా ఉండేది, కొని మూడేళ్లయింది. మొదట్లో మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నాలుగు గంటలు లాగేవి. ఇప్పుడు గంట గడవకముందే ఇన్వర్టర్ బీప్ కొడుతోంది. షాపతను గ్రావిటీని, అంటే బ్యాటరీలోని ద్రవం నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో కొలిచే హైడ్రోమీటర్ పెట్టి చూసి "గ్రావిటీ పడిపోయింది, యాసిడ్ పోస్తే లేస్తుంది" అన్నాడు. పాజిటివ్ టెర్మినల్‌కి నీలం, ఆకుపచ్చ కలిసిన బూజులాంటిది పట్టింది. బ్యాటరీ కింద తాండూరు బండ తెల్లగా పొడి రాలుతోంది. ఇదంతా కడిగి ఆ నీళ్లు కొబ్బరిచెట్టు పాదులో పోయొచ్చా అని కూడా అడిగారు.

యాసిడ్ పోయించకండి. ముందు బ్యాటరీని నిండా చార్జ్ చేసి, ఆరు సెల్స్ (బ్యాటరీ లోపలి విడి గదులు) గ్రావిటీ విడివిడిగా రాసుకోండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చార్జింగ్ చాలకపోవడమో, టెర్మినల్ దగ్గర కాంటాక్ట్ చెడిపోవడమో, ఒక సెల్ పోవడమో జరిగి ఉండాలి. మూడింటిలో దేనికీ యాసిడ్ మందు కాదు. కడిగిన నీళ్లు కొబ్బరిచెట్టుకి అసలే వద్దు. యాసిడ్ కంటే అందులో కలిసిన సీసం పెద్ద సమస్య.

ఇక కారణాలు.

గ్రావిటీ పడిపోయినప్పుడు యాసిడ్ ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, బ్యాటరీలోనే ఉంది. నిండా చార్జ్ అయిన ట్యూబులర్ బ్యాటరీలో గ్రావిటీ 27 డిగ్రీల దగ్గర 1.240 ఉంటుంది. అంటే లీటరు ద్రవంలో సుమారు 400 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉన్నట్టు. వాడుతూ వాడుతూ అది 1.120కి దిగిందనుకోండి, లీటరులో మిగిలేది 200 గ్రాములకు కాస్త తక్కువ. మిగతా సగం ప్లేట్లలోకి వెళ్లి కూర్చుంది. కరెంటు ఇచ్చేటప్పుడు పాజిటివ్ ప్లేటులోని సీసం ఆక్సైడు, నెగటివ్ ప్లేటులోని మెత్తటి సీసం రెండూ యాసిడ్‌తో కలిసి సీసం సల్ఫేట్‌గా మారతాయి, దాంతోపాటు నీళ్లు పుడతాయి. అందుకే ద్రవం పలచబడుతుంది. చార్జ్ పెడితే ఇదే వెనక్కి నడుస్తుంది, ప్లేట్లలో దాగిన యాసిడ్ మళ్లీ బయటికి వస్తుంది. ఈ బ్యాటరీలో యాసిడ్ ఊరికే ప్లేట్లను తడిపే ద్రవం కాదు, కరెంటు పుట్టించడంలో సీసంతో పాటు తనూ ఖర్చయ్యే సరుకు.

వెంటనే చార్జ్ కాకుండా, లేదా ఎప్పుడూ ముప్పాతిక దగ్గరే చార్జ్ ఆగిపోతూ వారాలు గడిస్తే, ఆ సల్ఫేట్ సన్నటి పొడిగా ఉండటం మాని గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఇక మామూలు చార్జింగ్‌తో కరగదు. మెకానిక్కులు 'సల్ఫేషన్ వచ్చింది' అనేది దీన్నే. యాసిడ్ లోపలే ఉంది, కానీ తాళం పడింది.

ఈ స్థితిలో పైనుంచి యాసిడ్ పోస్తే హైడ్రోమీటర్‌లో గ్రావిటీ అప్పటికప్పుడు 1.240 చూపిస్తుంది. చూసినవాళ్లకు సంతోషమే. ప్లేట్లలో తాళం పడ్డది మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా కాస్త సల్ఫేట్ కరిగితే ఆ యాసిడ్ కూడా వచ్చి కలిసి గ్రావిటీ 1.300 దాకా ఎగబాకుతుంది. అక్కడినుంచి రెండు నష్టాలు. ఒకటి, చిక్కటి యాసిడ్ పాజిటివ్ ప్లేటు లోపలి సీసపు కడ్డీలను త్వరగా తినేస్తుంది. రెండోది చాలామందికి తట్టదు: విశ్రాంతిలో ఉన్న ఒక్కో సెల్ వోల్టేజీ సుమారుగా గ్రావిటీకి 0.84 కలిపినంత. 1.240 ఉన్న బ్యాటరీ ఆరు సెల్స్‌కి 12.48 వోల్టులు, 1.300 ఉంటే 12.84. చార్జర్‌కి తెలిసేది వోల్టేజీ ఒక్కటే కాబట్టి, అది త్వరగా 14.4కి చేరి "నిండింది" అనుకుని కరెంటు తగ్గించేస్తుంది. అసలే చార్జింగ్ చాలని బ్యాటరీకి ఇంకాస్త తక్కువ చార్జింగ్ దక్కుతుంది.

ఇంకో సంగతి. ఎండాకాలం లెవెల్ తగ్గిందంటే తగ్గింది నీళ్లు. యాసిడ్ ఆవిరి కాదు. చారు మరిగి మరిగి పుల్లబడితే నీళ్లు పోస్తాం గానీ మళ్లీ చింతపండు పిండం కదా.

కొలిచే పద్ధతి

తప్పు కొలతే చాలా గొడవలకు మూలం. షాపతను ఇంటికొచ్చి, అప్పుడే కరెంటు పోయి వచ్చిన బ్యాటరీలో గ్రావిటీ చూస్తే పడిపోయే ఉంటుంది, పడిపోవాలి కూడా.

ముందు 24 గంటలు మెయిన్స్ మీద వదిలేయండి. ఇన్వర్టర్ డిస్‌ప్లే 'ఫుల్' అన్నంత మాత్రాన నమ్మొద్దు. ఆ తర్వాత ఆఫ్ చేసి గంటో రెండు గంటలో ఆగండి. నీళ్లు పోసిన వెంటనే కొలవకూడదు, పోసిన నీళ్లు తేలికగా ఉండి పైనే తేలుతుంటాయి, మీకు అందేది అదే. నీళ్లు పోశాక కొన్ని గంటలు చార్జ్ అయి బుడగలు లేస్తేనే కింద, పైన కలుస్తాయి.

కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు పెట్టుకోండి. హైడ్రోమీటర్ గాజుగొట్టంది కావాలి. రబ్బరు బుడ్డి నొక్కి ద్రవం పీల్చండి, లోపలి తేలుడు గోడకి ఆనకుండా నిటారుగా తేలాలి, కంటికి ఎదురుగా పట్టుకుని చదవండి. చదివాక ద్రవం అదే సెల్‌లో తిరిగి పోయాలి. పాజిటివ్ వైపు నుంచి ఒకటి, రెండు అని ఆరు అంకెలూ కాగితం మీద వేసుకోండి.

వేడికి లెక్క సరిచేయాలి. 27 డిగ్రీల కంటే ప్రతి 10 డిగ్రీలు ఎక్కువకి 0.007 కలపాలి. మే నెలలో బ్యాటరీ 42 డిగ్రీలుండి రీడింగ్ 1.230 వస్తే అసలు విలువ 1.240. దీన్ని పట్టించుకోకుండా వేసవిలో "పది పాయింట్లు తగ్గింది" అని యాసిడ్ పోసినవాళ్లు ఉన్నారు.

అంకెలు వచ్చాక ఇలా చదువుకోండి:

ఆరూ 1.230–1.245 మధ్య ఉంటే యాసిడ్ వైపు ఏ లోటూ లేదు. బ్యాకప్ తగ్గడానికి కారణం టెర్మినల్, వైరు, లేదా ప్లేట్ల మీది పదార్థం రాలిపోయి కెపాసిటీ తగ్గడం.

ఐదు బాగుండి ఒక్కటి 1.100 దగ్గరుంటే ఆ సెల్ లోపల షార్ట్ అయింది. చాలాసార్లు అడుగున పేరుకున్న మడ్డి ప్లేట్లకు తగలడమే కారణం. దీనికి ఇంట్లో చేసేదేం లేదు. వారంటీ ఉంటే ఈ ఆరు అంకెల కాగితమే మీ ఆధారం. యాసిడ్ పోయించి ఉంటే వారంటీ వాదన బలహీనపడుతుంది, పోయకపోవడానికి అదో కారణం.

ఆరూ ఒకేలా 1.160, 1.180 దగ్గర ఆగిపోతే సల్ఫేషన్, చార్జింగ్ చాలకపోవడం. చార్జింగ్‌తో బాగుపడే అవకాశం ఉన్నది ఇదొక్కటే.

ఆరూ 1.270 దాటి ఉంటే ఎవరో ఇదివరకే యాసిడ్ పోశారు, లేదా నీళ్లు బాగా తగ్గాయి. లెవెల్ చూస్తే ఏదో తేలిపోతుంది.

సల్ఫేషన్ వస్తే చేయాల్సింది

విడి చార్జర్ ఉన్న షాపులో, లేదా చార్జింగ్ కరెంటు తగ్గించగలిగే ఇన్వర్టర్ మీద 5 నుంచి 7 ఆంపియర్లతో 24 నుంచి 48 గంటలు నిదానంగా చార్జ్ చేయాలి. ఎక్కువ కరెంటు తోస్తే పైపైన బుడగలు లేస్తాయి తప్ప స్ఫటికం కరగదు. కొన్ని గంటలకోసారి గ్రావిటీ రాయండి. గంట గంటకీ తీసిన మూడు రీడింగులు కదలకుండా ఉంటే ఇక రావాల్సింది లేనట్టే. బ్యాటరీ ఒళ్లు 45 డిగ్రీలు దాటితే ఆపి చల్లారనివ్వాలి. ఇలా రెండు దఫాలు చేసినా 1.200 దాటకపోతే ఆ బ్యాటరీ మీద ఇంకా డబ్బు పెట్టొద్దు.

బాగుపడ్డా, అసలు ఎందుకు పడిపోయిందో పట్టుకోకపోతే ఆరు నెలల్లో మళ్లీ అదే కథ. 150 ఏహెచ్‌కి చార్జింగ్ కరెంటు 15 ఆంపియర్ల దగ్గరుండాలి. పాత 100 ఏహెచ్ కోసం కొన్న ఇన్వర్టర్‌నే ఉంచి పెద్ద బ్యాటరీ తగిలించిన ఇళ్లలో 8, 10 ఆంపియర్లే వెళ్తుంటుంది. రోజుకి మూడు నాలుగు కోతలున్న ఊళ్లో అది ఎప్పటికీ నిండదు. సాయంత్రం వోల్టేజీ 180కి పడిపోయే వీధుల్లోనూ ఇంతే. వెనుక 'ట్యూబులర్ / ఫ్లాట్ / ఎస్ఎంఎఫ్' స్విచ్ ఉంటే ట్యూబులర్ మీదే ఉందో లేదో చూడండి. ఎస్ఎంఎఫ్ అంటే నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ బ్యాటరీ, దాని మీద ఉంటే చార్జింగ్ వోల్టేజీ తక్కువ దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పటికే ఎవరైనా యాసిడ్ పోసి ఉంటే

లెక్క కష్టం కాదు. నిండా చార్జ్ చేశాక 1.300 ఉండి 1.240కి దించాలంటే ద్రవంలో ఐదో వంతు తీసి ఆ మేరకు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. 150 ఏహెచ్ పొడవాటి ట్యూబులర్‌లో మొత్తం ద్రవం 15–20 లీటర్లు, సెల్‌కి సుమారు మూడు లీటర్లు. అంటే సెల్‌కి 500–600 ఎంఎల్. ప్లేట్ల పైన అంత ద్రవం ఒక్కసారే అందదు. 150 ఎంఎల్ చొప్పున తీసి, నీళ్లు పోసి, చార్జ్‌లో కలవనిచ్చి, కొలిచి, మళ్లీ. మూడు నాలుగు రోజుల పని. తీసిన యాసిడ్‌ని మూత గట్టిగా ఉండే మందపాటి ప్లాస్టిక్ క్యాన్‌లో పెట్టి బ్యాటరీ డీలర్‌కే ఇవ్వండి. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. చూడటానికి అచ్చం మంచినీళ్లే.

యాసిడ్ పోయాల్సిన సందర్భం ఒక్కటుంది: ఇల్లు మారేటప్పుడు బ్యాటరీ ఒరిగి ద్రవం ఒలికిపోతే. అప్పుడు కూడా ముందు డిస్టిల్డ్ వాటర్‌తో ప్లేట్లు మునిగేంత నింపి, చార్జ్ చేసి, కొలిచి, తక్కువైన సెల్స్‌లో మాత్రమే కలిపి సిద్ధంగా ఉన్న బ్యాటరీ యాసిడ్ పోస్తూ సరిచేయాలి. కారు బ్యాటరీ యాసిడ్ 1.280 దాకా ఉంటుంది, సీసా మీద అంకె చూసుకోండి. చిక్కటి యాసిడ్ తెచ్చి ఇంట్లో పలచన చేసే పని పెట్టుకోవద్దు. ఎవరైనా చేస్తుంటే నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే ఆ వేడికి ఉడికి ముఖాన చిమ్ముతుంది.

నీళ్ల సంగతి

బోరు నీళ్లలోని క్లోరైడు పాజిటివ్ ప్లేటుని తింటుంది. ఇనుము ఇంకా చెడ్డది: అది రెండు ప్లేట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, మీరు ఏమీ వాడకపోయినా చార్జ్‌ని ఖాళీ చేస్తుంటుంది. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 30, 50 ఉంటాయి. తాగడానికి మంచివే, బ్యాటరీకి కావు. నీళ్లు మాత్రమే ఆవిరై లవణాలు లోపలే మిగులుతాయి కాబట్టి ఏడాదికేడాది చిక్కబడతాయి. బ్యాటరీ నీళ్లకి ఐఎస్ 1069 అనే ప్రమాణం ఉంది, డబ్బా మీద ఆ అంకె వెతకండి. టీడీఎస్ మీటర్ ముంచితే 0–5 మధ్యే చూపాలి. ఏసీ నుంచి కారే నీళ్లు పోసేవాళ్లున్నారు. అవి కాయిల్ మీది రాగి, అల్యూమినియం, దుమ్ము కడుక్కుంటూ వస్తాయి, వద్దు.

నీళ్లు ఎంత తాగుతోందో చూస్తే చార్జర్ గుణం తెలిసిపోతుంది. నిండాక కూడా లోపలికి వెళ్లే ప్రతి ఒక్క ఏహెచ్‌కి సెల్‌కి 0.336 ఎంఎల్ నీళ్లు వాయువులుగా విడిపోతాయి, ఆరు సెల్స్‌కి రెండు ఎంఎల్. నెలకి రెండు లీటర్లు పోయాల్సి వస్తోందంటే సుమారు వెయ్యి ఏహెచ్ వృథాగా వెళ్లింది, అంటే రాత్రింబవళ్లు దాదాపు 1.4 ఆంపియర్లు ఎక్కుతూనే ఉన్నట్టు. ఫ్లోట్ వోల్టేజీ, అంటే నిండాక చార్జర్ నిలిపి ఉంచే వోల్టేజీ, 13.6–13.8 దగ్గరుండాలి, మల్టీమీటర్‌తో చూడండి. ఎండాకాలంలో ఇంకొంచెం తక్కువైనా మంచిదే.

అలా విడిపోయిన వాయువుల్లో ఒకటి హైడ్రోజన్. ఒక్కో సెల్ నుంచి ఏహెచ్‌కి సుమారు 0.45 లీటరు. నిండాక కూడా 5 ఆంపియర్లు వెళ్తుంటే ఆరు సెల్స్ కలిసి గంటకి 13 లీటర్ల పైన వదులుతాయి. గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది. మెట్ల కింద తలుపు బిగించిన రెండు ఘనపు మీటర్ల అరలో 4 శాతమంటే 80 లీటర్లు, ఆరు గంటల పని. హైడ్రోజన్ పైకి పోయే వాయువు కాబట్టి తలుపుకి అడుగున సందు ఒక్కటే ఉంటే లాభం లేదు, పైన కూడా సందు ఉండాలి. అక్కడే దీపం పెట్టే గూడు, పక్కనే గ్యాస్ బండ ఉండకూడదు.

బుడగలతో పాటు సన్నటి యాసిడ్ తుంపర కూడా వస్తుంది. బ్యాటరీ నెత్తిన ఇన్వర్టర్ పెట్టిన ఇళ్లలో బోర్డు మీది రాగి గీతలు నల్లబడేది దీనివల్లే. పక్కకి జరపండి.

టెర్మినల్ మీది బూజు

తెల్లగా ఉన్నది సీసం సల్ఫేట్, నీలం పచ్చ కలిసినది రాగి సల్ఫేట్, అంటే కేబుల్ చివర లగ్గులోని రాగి తినబడుతోంది. మీ బ్యాకప్ తగ్గడంలో దీని వాటా ఎంతో ముందు తేల్చుకోండి. లోడ్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నుంచి పైకి వచ్చిన సీసపు పోస్టు మీద, రెండోది లగ్గు మీద ఆనించండి. 50 మిల్లీవోల్టులు దాటితే కాంటాక్ట్ బాగోలేదు. 30 ఆంపియర్ల దగ్గర అక్కడ పది మిల్లీఓమ్ అడ్డం ఉన్నా 0.3 వోల్టు పోతుంది, తొమ్మిది వాట్ల వేడి పుడుతుంది. ఇన్వర్టర్‌కి బ్యాటరీ ఉన్నదానికంటే ఖాళీగా కనిపించి ముందే కట్ అవుతుంది. గంటకే బీప్ కొట్టడంలో ఇదీ ఉండొచ్చు.

శుభ్రం చేసే తీరు: ఇన్వర్టర్ ఆఫ్, మెయిన్స్ ప్లగ్ తీసేయండి. ఉంగరం, గాజులు, మెళ్లో గొలుసు తీసి పక్కన పెట్టండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. ముందు నెగటివ్ విప్పాలి, తర్వాత పాజిటివ్. తినేసోడాని కాసిన్ని నీళ్లతో ముద్దలా కలిపి బూజు మీద పెట్టండి, బుసబుస పొంగుతుంది. పొంగు ఆగాక పాత గుడ్డతో తుడవండి. వెంట్ మూతలన్నీ బిగించే ఉండాలి, సోడా ఒక్క చెంచా లోపల పడ్డా ఆ మేరకు యాసిడ్ చచ్చిపోతుంది. చెంబుతో నీళ్లు కుమ్మరించి కడగొద్దు, తుడవండి. తర్వాత వైర్ బ్రష్‌తో సీసం మెరిసేదాకా రుద్ది, లగ్గు లోపలి రాగి పోగులు నల్లబడి ఉంటే కొత్త లగ్గు కొట్టించండి. ఈసారి పాజిటివ్ ముందు, నెగటివ్ తర్వాత. బిగించాకే పైన వాజిలీన్ రాయాలి. రాసి బిగిస్తే రెండు లోహాల మధ్య అదే అడ్డు కూర్చుంటుంది. నెల తిరక్కుండా మళ్లీ బూజొస్తే పోస్టు చుట్టూ సీలు పగిలి లోపలినుంచి ఊరుతున్నట్టు.

కింద బండ ఎందుకు పొడి రాలుతోంది

తాండూరు, షాబాదు బండలు, కడప, బేతంచెర్ల నాపరాళ్లు, పాలరాయి అన్నీ సున్నపురాయి జాతి. యాసిడ్ బొట్టు పడితే పొంగి, రాయి జిప్సంగా మారుతుంది. మీకు కనిపిస్తున్న తెల్లపొడి అదే. నిజానికి ఇక్కడ రాయి తనను తాను అర్పించుకుని యాసిడ్‌ని చంపేసింది. పొడి పొడిగా ఉంటే అక్కడ యాసిడ్ ఇంకా మిగిలి ఉండే అవకాశం తక్కువ. గ్రానైటు, విట్రిఫైడ్ టైలు దీనికి ఎదురు: అవి చెక్కుచెదరవు, యాసిడ్ కూడా చెక్కుచెదరకుండా పైనే ఉంటుంది. నీరు ఎగిరిపోగా మిగిలిన యాసిడ్ గాలిలో తేమ పీల్చుకుంటూ ఎన్ని రోజులైనా జిగురుగా తడిగానే ఉంటుంది. వేసవి మధ్యాహ్నం కూడా ఆరని తడి బ్యాటరీ కింద కనిపిస్తే అది నీళ్లు కాదు. టైలు బాగున్నా మధ్య సందుల్లోని సిమెంటు కరిగి, అక్కడినుంచి కిందికి దిగుతుంది. స్లాబు మీద అయితే కాంక్రీటు పొరలు పొరలుగా ఉబ్బి, చివరికి చువ్వ తుప్పు పడుతుంది. పై అంతస్తు బాల్కనీలో బ్యాటరీ పెట్టినవాళ్లు కింది ఇంటి సీలింగ్ కూడా ఒకసారి చూడాలి.

ఇనుప స్టాండ్ గురించి ఒక వింత. 98 శాతం చిక్కటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని ఫ్యాక్టరీల్లో మామూలు స్టీలు ట్యాంకుల్లోనే నిల్వ చేస్తారు. లోపలి గోడ మీద ఐరన్ సల్ఫేట్ పొర ఏర్పడి కాపాడుతుంది. మన బ్యాటరీలోని 32 శాతం పలచటి యాసిడ్ మాత్రం అదే స్టీలుని తినేస్తుంది. స్టాండ్ మీది జింకు పూత అయితే ఇంకా త్వరగా పోతుంది. మందపాటి ప్లాస్టిక్ ట్రాలీ, దాని కింద అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెడితే సరి.

బండ బాగుచేయాలంటే: బ్యాటరీ జరిపి, సోడా ముద్ద పూసి, పొంగు రాకుండా అయ్యేదాకా పూసి తుడవండి. తెల్లటి మెత్తటి పొర గట్టి రాయి తగిలేదాకా గీకాలి. పైపైన సిమెంటు పూస్తే ఊడివస్తుంది. తాండూరు బండ మళ్లీ పాలిష్ పట్టిస్తే గరుకు పోతుంది, లోతు గుంట పోదు. సందులకు ఎపాక్సీ గ్రౌటు వేయించండి.

పెద్దగా ఒలికితే ఎంత సోడా కావాలో లెక్క ముందే తెలిసుండాలి. నిండా చార్జ్ అయిన ఒక లీటరు బ్యాటరీ యాసిడ్‌కి సుమారు 700 గ్రాముల తినేసోడా. వంటింట్లోని చిన్న పొట్లం ఏ మూలకీ చాలదు. కిలో ప్యాకెట్ బ్యాటరీ దగ్గరే పెట్టుకోండి. ముందు ఇసుకతో కట్ట కట్టి ఆపి, అంచుల నుంచి లోపలికి సోడా చల్లుకుంటూ రావాలి. తడిసిన సున్నం కూడా పనిచేస్తుంది, లీటరుకి 300 గ్రాములు చాలు, కానీ వేడెక్కుతుంది, ఎక్కువైతే అదే చర్మాన్ని కొరుకుతుంది.

యాసిడ్ పూర్తిగా చచ్చిందో లేదో పసుపుతో చూస్తామని కొందరంటారు. పసుపు క్షారానికే ఎర్రబడుతుంది, పారాణిలో సున్నం కలిపితే ఎర్రబడేది అందుకే. యాసిడ్‌లో అది పచ్చగానే ఉంటుంది, మంచినీళ్లలోనూ పచ్చగానే ఉంటుంది, కాబట్టి ఏమీ చెప్పదు. ఎర్ర మందార రేకులు వేడినీళ్లలో నానేసిన రసం నయం: యాసిడ్‌కి చిక్కటి గులాబీ రంగు, సోడా ఎక్కువైతే ఆకుపచ్చ.

కొబ్బరిచెట్టు పాదు

యాసిడ్ ఒక్కటే అయితే సోడా వేసి చంపాక పెద్ద భయం లేదు. నల్లరేగడిలో సున్నం శాతం ఎక్కువ, కొంత యాసిడ్‌ని నేలే మింగేస్తుంది. ఎర్రనేలకు ఆ శక్తి తక్కువ. కానీ బ్యాటరీ మీది తెల్లపొడిలో, అడుగు మడ్డిలో ఉన్న సీసాన్ని సోడా ఏమీ చేయలేదు, రూపం మారుస్తుందంతే. సీసం మట్టి పై పొరలోనే అతుక్కుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆ పాదు పక్కనే తోటకూర మడి ఉంటుంది, పిల్లలు మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటారు. చిన్నపిల్లల మెదడు మీద సీసం చాలా తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది. అందుకే కడగొద్దు, తుడవమన్నాను. తుడిచిన గుడ్డలు, గీకిన పొడి, సోడా ముద్ద అన్నీ మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, పాత బ్యాటరీతో పాటు డీలర్‌కి ఇచ్చేయండి. చెత్తబండిలో వేయొద్దు.

చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్లు, 15–20 నిమిషాలు. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టి అంతసేపూ కడుగుతూ, తర్వాత ఆసుపత్రికి. ఒంటి మీద, కంట్లో సోడా వేయకూడదు. బట్టల మీద పడ్డ బొట్టు ఆ పూట ఏమీ కనిపించదు. నీరు ఎగిరి యాసిడ్ చిక్కబడి నూలుని తింటుంది, ఉతికాక బయటపడుతుంది చిల్లులు చిల్లులుగా. పాత లుంగీ కట్టుకునే ఈ పని చేయండి.

బ్యాటరీ పోయిందనే తేలితే, పాత ఇనుము కొనేవాడికి అమ్మకండి. యాసిడ్ మురికి కాలవలో ఒంపి, సీసం బయట పొయ్యి మీద కరిగించేది అలాంటి చోట్లే. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్నచోటే ఇస్తే పాతదానికి ధర తగ్గిస్తారు. బరువు తగ్గుతుందని ఎవరైనా ముందే యాసిడ్ ఒంపేయమంటే ఒప్పుకోవద్దు. మూతలు బిగించి, నిటారుగానే ఆటోలో పెట్టించండి.

ఇప్పటికి ఇవి రాసి పెట్టండి: 24 గంటల చార్జ్ తర్వాత ఆరు సెల్స్ గ్రావిటీ, అప్పుడు బ్యాటరీ ఎంత వేడిగా ఉంది, ఫ్లోట్ వోల్టేజీ, లోడ్ మీద టెర్మినల్ దగ్గర మిల్లీవోల్టులు, ఇన్వర్టర్ వెనుక స్విచ్ ఎటు ఉంది. అవి చూస్తే బ్యాటరీ ఉంచుకోవాలో మార్చాలో చెప్పొచ్చు.